మ్యూజియం క్షేత్ర పర్యటనలు

మ్యూజియం సిబ్బంది విద్యార్థులను గ్యాలరీల్లోంచి బయటికి, చుట్టుపక్కల కొండలకు, క్వారీలకు, వాగులకు, పాత కోటలకు, తవ్వకాలు జరిగిన చోట్లకు తీసుకెళ్ళి, అక్కడి రాయినీ చరిత్రనూ కలిపి నేర్పే కార్యక్రమం మ్యూజియం క్షేత్ర పర్యటన. బడులు ఏటా వేసే విహారయాత్రకూ దీనికీ పోలిక బస్సు దగ్గరే ఆగిపోతుంది. విహారయాత్రలో చూడాల్సిన చోట్ల జాబితా ముందు తయారవుతుంది, ఎందుకు చూడాలన్నది తర్వాత. ఇక్కడ ముందు ఒక ప్రశ్న పుడుతుంది. అదీ మ్యూజియంలోని ఏదో ఒక వస్తువు దగ్గర పుడుతుంది: ఈ శిల్పం చెక్కిన రాయి ఏ కొండది? ఈ ఎముకలు ఏ నేలలో, ఎలా పడి ఉండగా దొరికాయి? జవాబు ఎక్కడ దొరుకుతుందో అక్కడికి పిల్లలు వెళ్తారు.

వస్తువును కాపాడాలంటే మ్యూజియం దాన్ని పుట్టిన చోటు నుంచి తీసుకురాక తప్పదు. తెచ్చాక దాని గురించి తెలిసినదాంట్లో కొంత లేబుల్ మీదికి ఎక్కుతుంది, చాలా భాగం నేలలోనే ఉండిపోతుంది. ఏ పొరలో ఉంది, పక్కన ఏముంది, పైన ఎంత మట్టి కప్పింది అన్నవి గాజు పెట్టెలోకి రావు. క్షేత్ర పర్యటన ఈ వెలితిని పూడ్చే పని. తెలుగు ప్రాంతాల్లో ఆ వెలితి మరీ పెద్దది. ఇక్కడి నేలలో దొరికిన ముఖ్యమైన వస్తువులు చాలామటుకు ఊరు దాటి, రాష్ట్రం దాటి, కొన్ని సముద్రం దాటి వెళ్ళిపోయాయి.

నేపథ్యం

భారతదేశంలో తొలి మ్యూజియాలు భూగర్భ సేకరణలతోనే నిండాయి. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైనప్పుడు అందులో ముఖ్యంగా ఉన్నవి రాళ్ళూ ఖనిజాలే. దాని తొలి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్ వైద్యుడు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ (జి.ఎస్.ఐ.) పుట్టింది కూడా అదే ఏడాది. అయితే ఆ కాలపు మ్యూజియం వస్తువులను లోపలికి తెచ్చుకునేదే తప్ప, జనాన్ని బయటికి తీసుకెళ్ళేది కాదు.

బయటికి నడిచే మ్యూజియాలకు ఇంగ్లండులోని లైమ్ రీజిస్ మంచి ఉదాహరణ. శిలాజాలు ఏరి అమ్ముకుంటూ పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకు పాఠాలు చెప్పగలిగినంత ఎదిగిన మేరీ ఆనింగ్ పుట్టిన ఇంటి స్థలంలోనే అక్కడి మ్యూజియం ఉంది. సముద్రపు పోటు తగ్గిన వేళ చూసుకుని సందర్శకులను తీరం వెంట శిలాజాల నడకకు తీసుకెళ్ళడం దాని నిత్యకృత్యం. గ్రీసులోని లెస్వోస్ ద్వీపంలో శిలీభూత అరణ్యం కోసం 1994లో స్థాపించిన మ్యూజియం ఇంకో అడుగు ముందుకేసి, చెట్లు నిలబడ్డ చోటునే గ్యాలరీగా మార్చుకుంది. 2000లో యూరోపియన్ జియోపార్కుల బృందం ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో అదొకటి. యునెస్కో 2015లో గ్లోబల్ జియోపార్క్ అనే హోదా తెచ్చింది.

మన దేశంలో తొలి ప్రయత్నం మరో దిక్కున సాగింది. కలకత్తాలోని బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1965లో ప్రదర్శన వస్తువులను బస్సులో పెట్టి పల్లెలకు పంపింది. మ్యూజియమే ఊళ్ళోకి వచ్చింది కానీ, ఊరి నేలను చూపించే పని మాత్రం పెట్టుకోలేదు. ఇప్పటికీ తెలుగు రాష్ట్రాల్లో బడి మ్యూజియానికి రావడం మామూలు, మ్యూజియం బడిని వెంటబెట్టుకుని గుట్ట ఎక్కడం అరుదు.

గ్యాలరీలోని ఎముక, లోయలోని నది

హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అనే డైనోసార్ అస్థిపంజరం నిలబెట్టారు. గోదావరి, ప్రాణహితల లోయలో యామన్‌పల్లి దగ్గర 1970ల చివర దొరికిన 840 ఎముకలు ఈ జాతి గురించి మనకున్న ఆధారం. సుమారు 2,400 చదరపు మీటర్ల జాగాలో అవన్నీ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. లెక్క కడితే కనీసం 12 జంతువులవి. పి. యాదగిరి 1988లో వాటిని వివరించి పేరు పెట్టారు. అవి దొరికిన కోట రాతిపొరల వయసు సుమారు 18 కోట్ల ఏళ్ళు.

అస్థిపంజరం ముందు నిలబడ్డ పిల్లల చూపు ముందుగా తల మీదికి పోతుంది. నిజానికి ఆ తల ఎవరికీ దొరకలేదు, రెండు పళ్ళు దొరికాయంతే. మనకు కనిపిస్తున్నది దాని చుట్టాల పుర్రెలను చూసి చేసిన అంచనా. ఈ సంగతి చెప్పగానే పిల్లలు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: మరి తల ఏమైంది? మంచి గైడ్ ఇక్కడ జవాబు చెప్పడు. ఈ రకం శాకాహార డైనోసార్లకు పెద్ద ఒంటి మీద చిన్న తల ఉంటుంది. పుర్రె ఎముకలు పలచన, మెడతో వాటి పట్టు బలహీనం. కళేబరం కుళ్ళాక ముందు ఊడిపోయేది అదే. నీటి ప్రవాహానికి తేలిగ్గా కొట్టుకుపోయేదీ అదే. గ్యాలరీలో ఇది వట్టి సమాచారం. గోదావరి ఇసుక మేటల మీద నిలబడి, ప్రవాహం ఏ బరువు రాయిని ఎక్కడ వదిలేసిందో, ఏ పుల్లను ఎంత దూరం మోసుకెళ్ళిందో చూశాక అది పిల్లలు సొంతంగా కట్టుకున్న వాదన అవుతుంది. ఇంత దూరం తీసుకెళ్ళలేని బడులకు మూసీ ఒడ్డయినా, ఊరి వాగయినా సరిపోతుంది. నీరు బరువును ఏరి పెట్టే తీరు అన్ని చోట్లా ఒకటే.

ఇదే లోయకు చెందిన మరో మహాకాయం బారాపాసారస్ టాగోరై కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థ మ్యూజియంలో ఉంది. గణాంక సంస్థలో డైనోసార్ ఏమిటని అనిపించవచ్చు. సంస్థను స్థాపించిన పి.సి. మహలనోబిస్ లండన్ నుంచి పమేలా రాబిన్‌సన్ అనే శిలాజ శాస్త్రవేత్తను పిలిపించి అక్కడ భూగర్భ పరిశోధన మొదలుపెట్టించాడు. 1961లో తవ్వకాలు జరిగాయి. అది రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కాబట్టి ఆయన పేరు కలిసింది. జాతికి శాస్త్రీయంగా పేరు పెట్టింది 1975లో. ఒకే లోయ ఎముకలు రెండు మహానగరాలకు చేరాయి. లోయలో చదువుకునే పిల్లలకు మాత్రం ఆ రెండూ దూరమే.

పల్నాటి రాయి

రాయినీ చరిత్రనూ విడదీయలేని పాఠానికి తెలుగు నేల మీద కృష్ణా తీరాన్ని మించిన చోటు లేదు. అమరావతి స్తూపాన్ని 1797 ప్రాంతంలో కాలిన్ మెకంజీ చూశాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించాడు. అతను పంపిన ఫలకాలు మద్రాసు చేరాయి, అక్కడి నుంచి 1859లో చాలా భాగం లండన్‌కు ఓడెక్కాయి. ఇప్పుడు ఈ శిల్పాలు చెన్నై మ్యూజియంలో, బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని అమరావతిలోని స్థానిక మ్యూజియంలో ఉన్నాయి. వాటిని చాలాకాలం పాలరాయి అనే పిలిచారు. అది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. కర్నూలు, పల్నాడు వాళ్ళు నాపరాయిగా వాడుకునే జాతి. సముద్రం అడుగున పొర మీద పొర పేరుకున్న సున్నపు బురద గట్టిపడి అయినది.

దీన్ని తేల్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. క్వారీ పక్కన పడేసిన నాపరాతి పెచ్చు ఒకటి, గ్రానైటు ముక్క ఒకటి, ఏదైనా బండల దుకాణంలో అడిగి తెచ్చిన తెల్ల పాలరాతి ముక్క ఒకటి పక్కపక్కన పెట్టాలి. మూడింటి మీదా పలచని ఆమ్లం చుక్క వేస్తే గ్రానైటు ఉలకదు, మిగతా రెండూ నురగలు కక్కుతాయి. సున్నపురాయీ పాలరాయీ ఒకే పదార్థమని అక్కడ తెలుస్తుంది. తర్వాత భూతద్దం పెట్టి చూడాలి. వేడికీ ఒత్తిడికీ మళ్ళీ స్ఫటికాలు కట్టిన పాలరాయి పంచదార గడ్డలా మెరుస్తుంది. నాపరాయి గింజ కంటికి ఆనదు, నున్నగా, మొద్దుగా ఉంటుంది. ఉలి ముక్కు ఎటు తిప్పితే అటు లొంగడానికి, వేలి గోళ్ళూ గాజుల గీతలూ కూడా చెక్కడానికి వీలైనది ఆ సన్నటి గింజ వల్లే. పొరలుగా విడిపోయే గుణం వల్ల వెడల్పాటి ఫలకాలు దొరికాయి. కాబట్టి అమరావతి శిల్పశైలిలో కొంత వాటా ఆ రాతిదని చెప్పడంలో తప్పులేదు. ఆమ్లం చుక్క క్వారీ పెచ్చు మీదే వేయాలనీ, శిల్పం దగ్గర సీసా మూత కూడా తీయకూడదనీ పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి. నిమ్మరసం కూడా ఆమ్లమే.

నాగార్జునకొండలో సమస్య ఇంకోటి. 1926లో వెలుగులోకి వచ్చిన ఇక్ష్వాకుల రాజధాని అది. సాగర్ ఆనకట్ట కింద మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ లోయంతా తవ్వింది. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ, ఒడ్డున అనుపు దగ్గరికీ తరలించి తిరిగి కట్టారు. కొండ ఇప్పుడు ద్వీపం, మ్యూజియం దాని మీద ఉంది, లాంచీలో వెళ్ళాలి. ఇక్కడ క్షేత్రం చూపించాలంటే నీళ్ళు చూపించాలి. లాంచీ ప్రయాణాన్ని సరదాకు వదిలేయకుండా, పాత లోయ పటాన్ని పిల్లల చేతికిచ్చి, ఇప్పుడు మనం ఏ విహారం మీదుగా పోతున్నామో గుర్తుపట్టమనడం తెలివైన పద్ధతి. మ్యూజియంలో ఆ లోయ నమూనా ఉంది కాబట్టి తిరుగు ప్రయాణంలో పని మరింత సులువు.

పర్యటన నడిచే తీరు

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన నీర్ ఓరియన్ 1990లలో భూగర్భ శాస్త్ర పర్యటనల మీద చేసిన పరిశోధన ఈ రంగంలో ఇప్పటికీ ఆధారం. కొత్త చోటికి వెళ్ళిన పిల్లల బుర్రను సగం ఆ కొత్తదనమే తినేస్తుందని ఆయన గమనించాడు. ఎక్కడున్నామో తెలియని అయోమయం, ఏం జరుగుతుందో తెలియని ఆత్రం, వినే మాటల్లో కొత్త పదాలు, ఈ మూడూ కలిసి పాఠాన్ని కమ్మేస్తాయి. విరుగుడు కూడా మూడు విధాలుగానే ఉండాలి. వెళ్ళబోయే చోటి పటం, ఫోటోలు ముందే చూపాలి. ఎప్పుడు తింటారు, ఎంత నడుస్తారు, మరుగుదొడ్డి ఎక్కడ అన్నవి ముందే చెప్పాలి. చూడబోయే రాళ్ళను తరగతిలోనే చేత్తో పట్టుకోనివ్వాలి. మ్యూజియానికి ఇక్కడే ప్రత్యేకమైన పాత్ర ఉంది. ఆ రాళ్ళ పెట్టె దాని దగ్గరే ఉంటుంది.

అందువల్ల మంచి పర్యటన మూడు మజిలీలుగా సాగుతుంది. బయలుదేరే ముందు వారం గ్యాలరీలోనో తరగతిలోనో ఒక పూట. క్షేత్రంలో ఒక రోజు. తిరిగొచ్చాక మళ్ళీ మ్యూజియంలో ఒక పూట. మన దగ్గర మొదటిదీ చివరిదీ ఎగిరిపోయి నడిమిది మాత్రమే మిగులుతుంది, అదీ నాలుగు చోట్లు ఒకే రోజులో చుట్టబెట్టేలా. ఒక రోజుకు రెండు చోట్లు మించకపోతేనే పని జరుగుతుంది.

క్షేత్రంలో గైడ్ మాటల కంటే పిల్లల చేతులు ఎక్కువ పనిచేయాలి. ఇద్దరికో భూతద్దం, ఒక అయస్కాంతం, ఒక కొలత టేపు, పెన్సిలు, అట్టకు బిగించిన కాగితం చాలు. చూసిన రాతి గోడను ఫోటో తీయడానికి ముందు బొమ్మ గీయించాలి. ఫోటో కంటికి ఆనినదాన్నల్లా పట్టేస్తుంది. గీసేవాడు ఏ గీత ముఖ్యమో తేల్చుకోవాలి, ఆ తేల్చుకోవడమే పాఠం. సుత్తి విషయంలో మాత్రం ఒకటే నియమం: రక్షిత కట్టడాల దగ్గర, భూవారసత్వ స్థలాల్లో సుత్తి సంచిలోంచి బయటికి రాకూడదు. నడుస్తున్న క్వారీలో యజమాని అనుమతితో, కళ్ళద్దాలు పెట్టుకుని, పడి ఉన్న రాళ్ళ మీదే.

అనుమతుల సంగతి ముందు చూసుకోవాలి. అడవి అయితే అటవీ శాఖ, రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ, ఘాట్ రోడ్డయితే దాన్ని నిర్వహించేవాళ్ళు. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. జి.ఎస్.ఐ. భూకోశ్ పోర్టల్‌లో జిల్లాల భూగర్భ పటాలు ఉచితంగా దొరుకుతాయి. దగ్గర్లో ఏ రాయి ఉందో తెలియదన్న సాకు ఇక చెల్లదు. కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి తర్వాత గ్రానైటు గుట్టల మీద పదిన్నర దాటితే పిల్లలు నీడ వెతుక్కుంటారు తప్ప రాయి చూడరు.

కొన్ని దారులు

హైదరాబాద్‌లో పాఠం మ్యూజియం గుమ్మంలోనే మొదలవుతుంది. నౌబత్ పహాడ్ గుట్ట సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. పక్క గుట్ట మీది బిర్లా మందిరం తెల్ల పాలరాయి రాజస్థాన్‌ది. దిగుమతి అయిన రాయినీ పుట్టి పెరిగిన రాయినీ ఒకే చూపులో చూడొచ్చు. అక్కడి నుంచి గోల్కొండ. కోట గోడల్లో కొన్ని చోట్ల మనిషి పేర్చిన బండ ఎక్కడ ఆగిందో, గుట్ట బండ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. బండలను చీల్చడానికి వరుసగా కొట్టిన మేకు గుంతలు ఇంకా కనిపిస్తాయి. గుండ్లు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ తీరు చూసి ఎవరో పేర్చారనుకోవడం సహజం. నిజానికి భూమి లోపలే పగుళ్ళ వెంట నీరు దిగి మూలలు అరిగిపోయి, పైమట్టి కొట్టుకుపోయాక అవి బయటపడ్డాయి. వీటిని కాపాడేందుకు 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ జనాన్ని వెంటబెట్టుకుని రాళ్ళ నడకలు నడిపిస్తోంది. ఇది మ్యూజియం కాదు. కానీ మ్యూజియాలు చేయాల్సిన పని ఎలా ఉంటుందో ఆ నడకలు చూపిస్తాయి.

తిరుపతిలో అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం నుంచి కొండ కనుచూపు మేరలోనే ఉంది. తిరుమల ఘాట్ రోడ్డు కోతలో కింద పాత గ్రానైటు, దాని మీద కడప పొరలకు చెందిన క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. రెండూ కలిసే గీత దగ్గర అరచేయి పెడితే, చేతి కింది సగానికీ పై సగానికీ మధ్య పదుల కోట్ల ఏళ్ళ లెక్క గల్లంతైపోయి ఉంటుంది. ఆ కాలంలో పేరుకున్నదేదైనా ఉంటే అరిగి కొట్టుకుపోయింది. దీన్ని ఎపార్కియన్ విషమ విన్యాసం అంటారు, జాతీయ భూగర్భ స్మారకం. పైన ఆలయానికి దగ్గర్లోని శిలాతోరణం సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున సహజంగా ఏర్పడిన రాతి కమాను. అదీ స్మారకమే. భక్తులకు అది స్వామి కథతో ముడిపడిన చోటు. గైడ్ ఆ నమ్మకం జోలికి పోకుండా, ఎదురు కూడా నిలబడకుండా, మెత్తటి పొర ముందు అరిగి గట్టి పొర కమానుగా మిగిలిన తీరు చూపిస్తే సరిపోతుంది. పిల్లలు రెండు కథలనూ గందరగోళపడకుండా మోయగలరు. పెద్దవాళ్ళకే తగాదా.

విశాఖపట్నంలో బీచ్ రోడ్డు మీది విశాఖ మ్యూజియం పాత డచ్ బంగళాలో 1991 నుంచి నడుస్తోంది. డచ్చి వర్తకుల జాడలు భీమునిపట్నం సమాధుల తోటలోనూ ఉన్నాయి కాబట్టి బంగళా నుంచి భీమిలి దాకా ఒక దారి సిద్ధంగా ఉంది. దారిలో తొట్లకొండ బౌద్ధ విహారం, ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. ఈ దిబ్బలు మట్టివి కావు, ఇసుకవి. చివరి మంచు యుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి లోపలికి తోలింది. ఇసుకలోని ఇనుప ఖనిజాలు తుప్పు పట్టి రేణువు రేణువుకూ ఎర్రటి పూత పట్టింది. వాన నీరు ఆ దిబ్బలను కోసి గెడ్డలుగా చీల్చింది. ఇక్కడ రాతి పనిముట్లు కూడా దొరికాయి. కింద ఒడ్డుకు దిగి నల్లటి ఇసుక చారల్లో అయస్కాంతం తిప్పితే గింజలు మీసాల్లా లేచి అంటుకుంటాయి. అంటుకోని గులాబీ గింజలు గార్నెట్‌లు. వెనకున్న తూర్పు కనుమల ఖొండలైటు రాయి అరిగి సముద్రానికి చేరినదే ఇది. ఈ రాతికి ఖోండు గిరిజనుల పేరు పెట్టింది 1902లో టి.ఎల్. వాకర్. ఎర్రమట్టి దిబ్బలనూ తిరుమల కొండలనూ 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు.

రాజమహేంద్రవరానికి రాళ్ళబండి సుబ్బారావు పేరిట మ్యూజియం ఉంది. ఊరి పక్కనే కాతేరు క్వారీల్లో దక్కను లావా కనిపిస్తుంది. పడమటి కనుమల వైపు పుట్టిన లావా సుమారు 1,000 కి.మీ. లోయల వెంట పారి ఇక్కడిదాకా వచ్చిందన్నది శాస్త్రవేత్తలు చెప్పే మాట. రెండు లావా పొరల నడుమ సున్నపు పొరలో నత్తలూ గుల్లలూ ఉన్నాయి. డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ళ నాటి ఘట్టానికి ఆ పొర సాక్షి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట, దానికి రాయి తీసిన కొండ, మూడూ నడిచి చూడగలిగే దూరంలో ఉన్నాయి. గోదావరి జిల్లాల బడులకు ఇంతకన్నా తేలికైన దారి వేరే లేదు.

తెలంగాణలో 2021లో ప్రపంచ వారసత్వ హోదా పొందిన రామప్ప ఆలయం మరో పాఠం. గోడలకు ఇసుకరాయి, స్తంభాలకూ శిల్పాలకూ గ్రానైటు, నల్లటి డోలరైటు, శిఖరానికి తేలిక ఇటుక. ఏ రాయిని ఎక్కడ వాడాలో కాకతీయ స్థపతికి తెలుసు. ఆ చుట్టుపక్కలే ఉన్న పాండవుల గుట్టను జి.ఎస్.ఐ. భూవారసత్వ స్థలంగా గుర్తించింది, అక్కడ ఆదిమానవుల రాతి చిత్రాలూ ఉన్నాయి.

రాళ్ళు వెతికినవాళ్ళు చరిత్ర కనుగొన్న సందర్భాలు

రెండు శాస్త్రాలనూ ఒకే పర్యటనలో కలపాలా అని సందేహించేవారికి జవాబు చరిత్రలోనే ఉంది. అశోకుడి పేరు స్పష్టంగా ఉన్న మస్కి శాసనాన్ని 1915లో నిజాం రాజ్యంలో కనుగొన్నది బీడన్ అనే గని ఇంజనీరు. వెతికింది బంగారం కోసం. కర్నూలు జిల్లా ఎర్రగుడి అశోక శాసనాలను 1920ల చివర లోకానికి చూపించినది భూగర్భ శాస్త్రవేత్త అను ఘోష్. దక్షిణ భారత పూర్వచరిత్రకు ఆద్యుడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863లో పల్లవరంలో తొలి రాతి గొడ్డలి ఏరినప్పుడు జి.ఎస్.ఐ. ఉద్యోగి. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1884 ప్రాంతంలో కొడుకుతో కలిసి తవ్వించాడు. ఆయన సేకరణ ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. యెల్లందులో 1870ల మొదట బొగ్గును గుర్తించిన విలియం కింగ్ పేరు అక్కడి గనుల్లో కింగ్ సీమ్‌గా ఇప్పటికీ పలుకుతోంది.

ఈ కింగ్ పేరుతోనే ఒక తప్పు తిరుగుతోంది. బొర్రా గుహలను 1807లో జి.ఎస్.ఐ.కి చెందిన విలియం కింగ్ కనుగొన్నాడని పర్యాటక పుస్తకాలు, గైడ్లు చెప్తూ ఉంటారు. జి.ఎస్.ఐ. పుట్టింది 1851లో. ఈ కింగ్ 1807 నాటికి పుట్టనే లేదు. బొర్రాకు వెళ్ళే బృందానికి ఈ రెండు సంవత్సరాలూ ఇచ్చి పొంతన చూడమంటే, ఆధారాన్ని తూచడం ఎలాగో ఏ పాఠ్యపుస్తకం కంటే బాగా వస్తుంది.

ప్రయోజనం, ఇబ్బందులు

చిన్నప్పటి పర్యటనలు చాలామందికి ఏళ్ళ తర్వాత కూడా గుర్తుంటాయని జాన్ ఫాక్, లిన్ డియర్కింగ్ 1997లో ప్రచురించిన అధ్యయనం చూపింది. అమెరికాలోని క్రిస్టల్ బ్రిడ్జెస్ కళా మ్యూజియంలో సుమారు 11,000 మంది విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలు చేసి పరిశీలించారు. మ్యూజియం చూసినవారిలో చూసినదాన్ని విశ్లేషించే శక్తి మెరుగైంది. ఎక్కువ లాభపడ్డది పల్లె బడుల పిల్లలు. అది కళా మ్యూజియం, రాళ్ళది కాదు. అయినా పల్లె బడులనే చివరికి నెట్టే మన అలవాటుకు ఆ ఫలితం అడ్డం పడుతుంది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల వారికి పది రోజులు పుస్తకాల సంచి లేని చదువు ఉండాలంది. ఆ రోజుల్లో ఒకటి రెండు ఇలాంటి పర్యటనలకు ఇస్తే తేదీల బాధ తీరుతుంది. డబ్బు, బస్సు, గైడ్ల కొరత మాత్రం అలాగే ఉంటాయి. జిల్లా మ్యూజియాల్లో చరిత్ర చదివినవాళ్ళుంటారు, రాయి చదివినవాళ్ళు దొరకరు. దగ్గరి కళాశాల భూగర్భ శాస్త్ర విభాగంతో కలవడమే దీనికి దారి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, చూపించాల్సిన చోట్లే తరిగిపోవడం. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం 74,000 ఏళ్ళ క్రితం పేలినప్పుడు వచ్చి పడిన బూడిద పొర ఉంది. ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరకడంతో, అంత పెద్ద విపత్తును ఇక్కడి మనుషులు ఎలా తట్టుకున్నారన్న చర్చ 2007లో ప్రపంచమంతా సాగింది. ఆ బూడిదనే పారిశ్రామిక అవసరాలకు తవ్వి తరలించారు. ఎర్రమట్టి దిబ్బల అంచుల్లో చదును పనులు పదేపదే వార్తలకెక్కుతున్నాయి. వజ్రాలకు పేరుపడ్డ కొల్లూరు పులిచింతల నీటి కింద ఉంది.

చట్టం ఇక్కడ బలహీనంగా ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం మనిషి చేతి పనికి రక్షణ ఇస్తుంది, కొండకు ఇవ్వదు. జాతీయ భూగర్భ స్మారకం అన్నది జి.ఎస్.ఐ. ఇచ్చే గుర్తింపే తప్ప దాన్ని పాడుచేసినవారిని శిక్షించే అధికారం దానితో రాదు. భూవారసత్వ స్థలాలు, అవశేషాల పరిరక్షణ కోసం కేంద్రం 2022 డిసెంబరులో ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. అది పార్లమెంటు ఆమోదం దాకా వెళ్ళలేదు. ఈలోగా ఒక్కో స్థలం రక్షణ జిల్లా కలెక్టరు, అటవీ శాఖ, పంచాయతీల మధ్య తిరుగుతోంది. మ్యూజియం చేయగలిగింది ఏమిటంటే, పర్యటన నుంచి తిరిగొచ్చిన ప్రతి బృందం గీసిన రాతి గోడ బొమ్మలనూ, తీసిన కొలతలనూ తేదీ వేసి భద్రపరచడం. ఏటా ఒకే చోట ఒకే కొలత తీస్తే, ఏ గట్టు ఎంత తరిగిందో చెప్పే లెక్క జిల్లాలో ఒకచోటైనా ఉంటుంది.